వదులు మాస్టర్ సైకిలు కొన్నాడు

ఆ బజారులో ఎవరినైనా ఆపి టైలర్ షాపు ఎక్కడని అడిగితే, "ఎవరికి కుట్టించాలి? పెద్దాళ్ళకా, పిల్లలకా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. పిల్లలకి అంటే మాత్రం మరో మాట లేకుండా మెట్ల కింది గదికి వేలు చూపిస్తారు. అక్కడ ఒక కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీపెట్టె, గోడ నిండా వేలాడే స్కూలు యూనిఫారాలు, వాటి మధ్య ఎక్కడో ఒక చోట వదులు మాస్టర్ ఉంటాడు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే తలెత్తి చూడడు.

ఏ పిల్లాడి చొక్కా అయినా వదులు మాస్టర్ చేతిలో పడిందంటే భుజాలు దిగి జారాల్సిందే. "వచ్చే ఏడాదికి కూడా పడుతుందమ్మా," అంటాడు తల్లితో. తల్లుల చెవులకి ఆ మాట ఎంతో ఇంపుగా ఉంటుంది. ఫ్యాంటు అంచు లోపల ఇంత మడత, నడుము దగ్గర ఇంత, చంకల కింద ఇంకొంత. దానికి అతను పెట్టుకున్న పేరు 'పెరిగే జాగా'. స్కూళ్ళు తెరిచే రోజుల్లో ఆ వీధిలో నిలబడి చూస్తే, యూనిఫారాలే బడికి బయల్దేరినట్టూ పిల్లలు వాటి వెంట పడి పోతున్నట్టూ ఉంటుంది.

ఇందులో పిసినారితనం లేదు, పాపం. ముగ్గురన్నదమ్ముల్లో అతను ఆఖరివాడు. పెద్దన్న ఒంటి మీద మొదలైన చొక్కా చిన్నన్న మీదుగా అతని దాకా వచ్చేసరికి దాని రంగేమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒకే ఒక్కసారి తండ్రి అతనికంటూ కొత్త ఫ్యాంటు కుట్టించాడు. అదీ రెండేళ్ళ పెరుగుదల లెక్కేసి. కాళ్ళ దగ్గర మడతల మీద మడతలు పెట్టి తొడుక్కుని వెళ్తే, స్కూలు పరుగు పందెంలో ఆ మడత ఊడిపోయి అందరి ముందూ బోర్లా పడ్డాడు. తీరా ఆ ఫ్యాంటు కొలతకి అతను పెరిగేసరికి దాని మోకాళ్ళు చిరిగిపోయాయి. మరొకడైతే బట్ట ఒంటికి సరిపోవాలని దీన్నుంచి నేర్చుకునేవాడు. మనవాడు మాత్రం గుడ్డ ఇంకాస్త గట్టిది తీసుకోవాలని నేర్చుకున్నాడు.

అలవాటు బట్టలతో ఆగితే బాగానే ఉండును. చెప్పులు ఒక సైజు పెద్దవి కొంటాడు. ఒంటిగాడిగా ఉన్న రోజుల్లోనే ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల కొన్నాడు. అది వచ్చాక గదిలో మంచానికి చోటు లేక, కొన్నాళ్ళు దాని మీదే పడుకున్నాడు. పెళ్ళి సంగతి కూడా 'చూద్దాంలే, చూద్దాంలే' అంటూ చెవుల పక్కన నెరిసేదాకా లాగాడు.

చేసుకున్న మనిషి మాత్రం సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. ఆవిడ పని కట్టుడు పళ్ళు తయారు చేయడం. ఒక ల్యాబులో, కిటికీ పక్క బల్ల దగ్గర, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు ఒక్కొక్కటే పేర్చి, అచ్చు పోసి, అరగదీసి, మెరుగు పెడుతుంది. వెంట్రుకవాసి వదులైనా పెద్దవాళ్ళ నోట్లో ఆ పళ్ళు టకటకలాడతాయి. పెళ్ళికి ముందు మాస్టర్ ముచ్చటపడి ఆవిడకొక కోటు కుట్టిచ్చాడు. అందులో ఇద్దరు పట్టేవాళ్ళు. ఆవిడ దాన్ని పక్క బజారు టైలర్ చేత రెండు వైపులా బిగింపించుకుని, తొడుక్కుని, నవ్వుతూ ఎదురొచ్చింది. తన కుట్టు మీద పరాయి కుట్టు చూసి మాస్టర్ మొహం మాడ్చుకున్నాడు. కానీ ఆ కోటులో ఆవిడ ఎంత బాగుందో కూడా చూడకుండా ఉండలేకపోయాడు. ఆ వారంలోనే పెళ్ళి మాట ఎత్తాడు.

"పళ్ళు కూడా వచ్చే ఏడాదికి పెరుగుతాయని వదులుగా చెయ్యమంటారా, మాస్టరూ?" అని ఇప్పటికీ ఏడిపిస్తూ ఉంటుంది.

వాళ్ళకి లేక లేక పుట్టిన కూతురు గుండీ. పుట్టినప్పుడు గుండ్రంగా, చిన్నగా, నున్నగా ఉండటంతో మాస్టర్ నోట ఆ పేరు వచ్చింది, అదే నిలిచిపోయింది. గుండీ కోసం తల్లి ల్యాబు మానేసి ఇంట్లో ఉంది. ఆ మూడేళ్ళూ ఆవిడ ఎవరు నవ్వినా ముందు పళ్ళే చూసేది. మూడేళ్ళు నిండాక ల్యాబు నుంచి పిలుపొచ్చింది. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది, వస్తావా అని. మొదటి రోజు గోళ్ళలో గులాబిరంగు మైనంతో ఇంటికొచ్చిన ఆవిడ మొహం చూసి, ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎంత బెంగ పెట్టుకుని పైకి అనలేదో మాస్టర్‌కి అర్థమైంది.

గుండీని డే కేర్‌లో వేశారు. అది వంతెనకి అవతల. బస్సు ఉన్నన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత ఆ బస్సు దారి మార్చేశారు. ల్యాబు దానికి పూర్తిగా ఎదురు దిక్కు, పైగా పొద్దున్నే తెరుస్తారు. కాబట్టి పిల్లని దించి రావడం మాస్టర్ వంతైంది. కొన్ని రోజులు భుజాల మీద ఎక్కించుకుని నడిచాడు. అసలే మిషను మీద వంగి వంగి అరిగిపోయిన నడుము, వంతెన ఎక్కేసరికి పట్టేసింది. ఒక మధ్యాహ్నమంతా కత్తిరింపు బల్ల మీద వెల్లకిలా పడుకుని, వచ్చినవాళ్ళకి అలాగే కొలతలు చెప్పాడు.

"సైకిలు కొనండి," అంది భార్య ఆ సాయంత్రం అతని నడుముకి కాపడం పెడుతూ. "వెనక పిల్ల సీటు పెట్టించండి. అది కూడా కుదరకపోతే నేనే మానేస్తాను. ఇంక వేరే దారేముంది?"

మామూలు గొంతుతోనే అంది. అంటూ అంటూ గోళ్ళలో మైనం చూసుకుంది. బోర్లా పడుకున్న మాస్టర్‌కి ఆ చెయ్యి పక్కనే కనిపించింది. ఆ బల్ల ఆవిడ చేజారనివ్వకూడదని అతను గట్టిగా అనుకున్నాడు.

సైకిళ్ళ షాపు నడిపేది యాభై ఏళ్ళావిడ. కొత్తవీ పాతవీ అన్నీ అమ్ముతుంది. మాస్టర్ ధర ఎంతలో ఉండాలో చెప్పాడు. ఆవిడ పక్కనున్న కొత్తవాటి వైపు చూడనైనా చూడకుండా అతన్ని సరాసరి పెరట్లోకి తీసుకెళ్ళింది.

"ఆ ధరలో పిల్లని ఎక్కించుకునేవి రెండున్నాయి, తమ్ముడూ," అంది.

ఒకటి పొట్టిది. మధ్య కమ్మీ కిందికి వంగి ఉంది, కాలు ఎత్తకుండానే అవతలికి వేసెయ్యొచ్చు. లేత నీలం రంగు, ముందు బుట్ట, చెయిన్‌కి మూత, వెనక చక్రానికి రెండు పక్కలా వల. రెండోది నల్లది, నిటారుగా, గుర్రమంత ఎత్తు. క్యారియర్ మీద బియ్యం బస్తా వేసినా చెక్కు చెదరదు. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే.

"ఇది లేడీస్ సైకిలు కదక్కా," అన్నాడు మాస్టర్ నీలం దాన్ని చూసి పెదవి విరుస్తూ.

"లేడీస్ సైకిలే. ఎక్కడానికి దిగడానికి సుఖం. వెనక పిల్ల ఉంటే కాలు తిప్పి ఎక్కలేవు, దాని మొహానికి తగులుద్ది."

"ముందు నుంచి ఎక్కుతాలే."

"సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలి మరి."

"మునివేళ్ళు ఆనుతున్నాయిగా. అలవాటైపోద్దక్కా. పిల్ల పెరుగుద్ది, స్కూలు బ్యాగొస్తది, బరువు పెరుగుద్ది. ఆ బుల్లి సైకిలు ఎన్నాళ్ళు మోస్తుంది?"

కొనేవాడు పెద్దదే కావాలంటుంటే చిన్నది అంటగట్టడానికి ఆవిడకేం పట్టింది? మాస్టర్ లోపల ఇంకో లెక్క కూడా నడిచింది. అదే డబ్బుకి ఇంత ఇనుము వస్తుంటే కొంచెమే తీసుకునేవాడు తెలివితక్కువవాడు కాడా? నల్లదాని మీద చెయ్యి వేసి తట్టాడు. పిల్ల సీటు కూడా ఆ పెరట్లోనే దొరికింది. సీటు గట్టిగానే ఉంది గానీ బెల్టులు పీలికలైపోయాయి.

"కొత్త బెల్టులు తెప్పించాలంటే వారం పడుద్ది," అందావిడ.

"బెల్టులు నాకొదిలెయ్యండి," అన్నాడు మాస్టర్, ఆ మాట అనే అవకాశం వచ్చినందుకు పొంగిపోతూ.

మంచి పట్టీ తీసుకుని, రెండు వరసల కుట్టు వేసి, భుజాలకీ నడుముకీ అందేలా కుట్టాడు. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు. గుండీకి కొలతలు తీసుకోలేదు. సొంత కూతురి కొలత కంటికి తెలియదా? కంటికి తెలిసినదాని మీద బెత్తెడు కలిపాడు. "ఒకటో తరగతి దాకా పడుతుంది," అన్నాడు భార్యతో, పట్టీని రెండు చేతులా లాగి చూపిస్తూ. ఆవిడ అప్పటికే ల్యాబుకి ఆలస్యమై గుమ్మంలో ఉంది. వెళ్ళేముందు గుండీ తలకి హెల్మెట్ పెట్టి, గడ్డం కింద బిగించి, అటూ ఇటూ కదిపి చూసుకుంది. హెల్మెట్ మాత్రం ఆవిడే స్వయంగా వెళ్ళి కొనుక్కొచ్చింది.

మొదటి కొన్ని రోజులు వంతెన మీద గాలికి గుండీ కేరింతలు కొట్టింది. మాస్టర్ అంత ఎత్తు మీద నుంచి బజారుని చూస్తూ, తెలిసినవాళ్ళకి గంట కొడుతూ వెళ్ళాడు. ఆగాల్సి వస్తే ఫుట్‌పాత్ అంచు వెతుక్కుని దాని మీద కాలు పెట్టేవాడు. అంచు లేని చోట ఆగాల్సి వస్తే ఎలాగని అతను ఆలోచించలేదు.

అలాంటి చోటు వంతెన దిగగానే ఉంది. ఆ రోజు ముందు పోతున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. మాస్టర్ బ్రేకు పట్టాడు. ఎడమ కాలు నేల కోసం చాచాడు. మునివేళ్ళు తగిలాయి, జారాయి. సైకిలు నెమ్మదిగా పక్కకి ఒరిగింది. అంత నెమ్మదిగా ఒరుగుతున్నా ఆ ఇనుమంతా ఒక్క మునివేలి మీద ఆపడం అతని వల్ల కాలేదు. పిల్ల సీటులోనే ఉంటే ఏమీ అయ్యేది కాదు, అతని నడుము మీద ఆనుకునేది. కానీ బెల్టులోని బెత్తెడు సందులోంచి గుండీ గుల్లలోంచి గింజ జారినట్టు జారి రోడ్డు మీద పడింది.

సైకిలుని ఎటు పడేశాడో తెలియదు. పిల్లని ఎత్తుకున్నాడు. మోచెయ్యి, చెంప గీరుకుపోయాయి. హెల్మెట్ ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. లోపల తల చెక్కు చెదరలేదు. రోడ్డు పక్క రొట్టెలమ్మే ఆవిడ నీళ్ళు తెచ్చి, "ఏం కాలేదులే అన్నా, ఏడుస్తోందిగా, ఏడిస్తే భయం లేదు," అంటూ పిల్ల చెయ్యి కడిగింది. ఏడుస్తున్నది పిల్ల ఒక్కతే కాదని ఆవిడ చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

సాయంత్రం తల్లి రాగానే గుండీ మోచెయ్యి చూపించింది.

"బెల్టు నన్ను పట్టుకోలేదమ్మా," అంది.

ఎవరి మీదా నేరం మోపకుండా, ఉన్న సంగతి చెప్పింది అంతే. మాస్టర్ గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు. ఇరవై ఏళ్ళుగా అతని నోట ఉన్న మాట 'పడుతుంది'. వచ్చే ఏడాదికి పడుతుంది, ఆ పై ఏడాదికీ పడుతుంది. బట్ట పట్టడం గురించే గానీ పట్టుకోవడం గురించి అతను ఎన్నడూ ఆలోచించలేదు.

భార్య పిల్ల చెంపకి మందు రాసింది. బెల్టు తీసుకుని చూసింది. పిడికిలి దూర్చింది. పిడికిలి సులువుగా దూరి అవతలికి వచ్చింది. కేకలేస్తే బాగుండునని మాస్టర్ అనుకున్నాడు. ఆవిడ కేకలెయ్యలేదు.

"శుక్రవారం ల్యాబులో మానేస్తానని చెప్పేస్తాను," అంది. "అంతవరకూ సెలవు పెడతాను. ఇది మళ్ళీ పడి మూతి పగలగొట్టుకునేదాకా చూడలేను, మాస్టరూ."

"చూడు, నేను..." అంటూ ఆవిడ చేతిలోంచి బెల్టు తీసుకున్నాడు.

మర్నాడు షాపులో మిషను తిరగలేదు. బెల్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గోడకి యూనిఫారాలు, వాటి లోపల మడతలు. పరుగు పందెంలో ఫ్యాంటు మడత ఊడి పడ్డప్పటి మట్టి రుచి ఇన్నేళ్ళ తర్వాత నోటికి వచ్చింది. ఆ రోజు తండ్రి మీద ఎంత కోపం వచ్చిందో కూడా గుర్తొచ్చింది. తండ్రి పాపం రేపటికని చూశాడు. ఆ రోజు పరిగెత్తాల్సిన పిల్లాణ్ణి చూడలేదు. నేనూ అదే చేశాను, అదీ బండి మీద, అనుకున్నాడు మాస్టర్.

టేపు మెడలో వేసుకుని లేచాడు. అద్దం ముందు నిలబడి, చెప్పులు తొడుక్కుని, తన కాలు తానే లోపలి వైపు నుంచి మడమ దాకా కొలుచుకున్నాడు. ఊళ్ళో అందరి కాళ్ళూ కొలిచినవాడు తన కాలు కొలుచుకోవడం అదే మొదలు. తన ఫ్యాంట్లు కూడా వదులే మరి, అవసరం పడలేదు.

నల్ల సైకిలుని తోసుకుంటూ వెళ్ళి షాపు పెరట్లో నిలబెట్టాడు. సీటు నుంచి నేలకి టేపు వేశాడు. తన కొలత కంటే అది ఎంత ఎత్తో చూసి, వేరే మాట లేకుండా నీలం దాని దగ్గరికి వెళ్ళాడు. దాని సీటు దించి మళ్ళీ టేపు వేశాడు. సరిపోయింది. కూర్చున్నాడు. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఆనాయి.

షాపావిడ నడుము మీద చేతులు వేసుకుని చూస్తోంది. "లేడీస్ సైకిలన్నావు?"

"ఆడవాళ్ళ చొక్కాకి లాగా గుండీలు ఎడమ పక్కన కుట్టారనుకుంటా లేక్కా," అన్నాడు. "నా కాలికి సరిపోయింది, చాలు."

ఆవిడ నవ్వింది గానీ బేరంలో మాత్రం మెత్తబడలేదు. నల్లదానికి పడిన నొక్కులన్నీ చూపించి మరీ తక్కువకి వెనక్కి తీసుకుంది. మాస్టర్ ఆ ధరకే ఒప్పుకున్నాడు. పిల్ల సీటు నీలం దాని క్యారియర్‌కి బిగించాక, వెనక నిలబడి సీటుని రెండు చేతులా ఊపి, ఇంకో మర బిగించమన్నాడు. వలలో వేళ్ళు దూర్చి, పిల్ల పాదం చక్రం ఊచల్లోకి వెళ్ళదు కదా అని చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. సైకిలుని చూడగానే గుండీ వెళ్ళి తల్లి వెనక దాక్కుంది. మాస్టర్ రమ్మని బతిమాలలేదు. కాసేపటికి ఆ పెద్ద భోజనాల బల్ల మీద టేపు, పట్టీ, సూది, కత్తెర పరిచాడు.

"గుండీగారికి కొలతలు తియ్యాలి," అన్నాడు గాలిలోకి చూస్తూ, షాపుకొచ్చే పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు. "ఇంతవరకూ ఎప్పుడూ తియ్యలేదు."

అది గుండీకి కొత్త. షాపులో ఎంతమంది పిల్లల్ని అలా నిలబెట్టి కొలుస్తుంటే చూసిందో. మెల్లగా వచ్చి బల్లెక్కి నిటారుగా నిలబడింది. అతను భుజం కొలిచాడు, ఛాతీ కొలిచాడు. ఊపిరి పీల్చి వదలమని మళ్ళీ కొలిచాడు. నడుము కొలిచాడు. చెంప మీది గీత దగ్గరగా కనిపించినప్పుడు నడుము మళ్ళీ ఒకసారి కొలిచాడు. తర్వాత పాత కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. గుండీ పక్కనే కూర్చుని తెగిన దారాలు ఏరింది.

"నేను పెద్దయితే?" అంది హఠాత్తుగా. తండ్రి షాపులో మాటలన్నీ వింటుంది కదా.

"విప్పి మళ్ళీ కుడతాను."

"మళ్ళీ పెద్దయితే?"

"మళ్ళీ విప్పుతాను. నాకింకేం పని?"

వంటగది గుమ్మంలో నిలబడిన భార్య ఆ మాట విని అతని వైపు చూసింది. అతని నోట అలాంటి మాట వినడం ఆవిడకి పెళ్ళైన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. బెల్టు పూర్తయ్యాక గుండీని సీటులో కూర్చోబెట్టి, ఆవిడే స్వయంగా కట్టింది. కట్టి, భుజం దగ్గర చూపుడు వేలు దూర్చింది. వేలు దూరింది. రెండో వేలు దూర్చబోతే దూరలేదు. అప్పుడు హేండిల్ మాస్టర్ చేతికిచ్చి కూర్చోమంది. కూర్చున్నాక వెనక నుంచి సైకిలుని గట్టిగా అటూ ఇటూ తోసింది. అతను రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి ఆపాడు. సైకిలు కదల్లేదు. సీటులో గుండీ కూడా కదల్లేదు.

"శుక్రవారం ల్యాబులో ఏం చెప్పమంటారు?" అంది ఆవిడ, ఇంకా సీటు వదలకుండానే.

"ఏం చెప్పకు. వెళ్ళి పని చేసుకో, పళ్ళ డాక్టరమ్మా."

ఆవిడ బెల్టు కుట్టు మీద బొటనవేలితో రాసి చూసి, "వెంట్రుకవాసి కూడా వదల్లేదు," అంది. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు ఎవరికీ దక్కదు.

శుక్రవారం పొద్దున ఆవిడ ల్యాబు వైపు నడిచింది, వీళ్ళిద్దరూ వంతెన వైపు బయల్దేరారు. బజారులో ఒకళ్ళిద్దరు నీలం సైకిలుని చూసి, "ఏం మాస్టరూ, పెరిగే జాగా వదల్లేదే!" అని వేళాకోళమాడారు. అతను గంట కొట్టి ఊరుకున్నాడు. వంతెన మీద గాలి తగిలినా గుండీ కేరింత కొట్టలేదు. రెండు చేతులతో అతని చొక్కా వెనక పట్టుకుని ఉంది. ఆ పిడికిళ్ళ బిగుతు అతనికి వీపు మీద తెలుస్తూనే ఉంది.

వంతెన దిగగానే బస్సు ముందే ఆగి ఉంది. అదే చోటు. మాస్టర్ బ్రేకు పట్టాడు. రెండు పాదాలు నేలకి ఆన్చాడు. సైకిలు నిలబడింది. వెనక్కి తిరగడానికి భయమేసి, తిరక్కుండానే అడిగాడు.

"గుండీ, భయమేస్తోందా?"

అతని చొక్కా మీద ఒక పిడికిలి విడింది. కొంచెం ఆగి రెండోదీ విడింది.

"బెల్టు పట్టుకుంది నాన్నా," అంది గుండీ. "నువ్వు తొక్కు."